తాళంకప్పా, తాళంచెవీ ఒకే ఇంట్లో

పోయిన సంచికలో టీవీ సిగ్నల్‌కు తాళం ఎందుకు వేస్తారో నాలుగు మాటల్లో రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు కోపంగా రాశారు, కొందరు బాధగా రాశారు. నేను 24 ఏళ్లు ఒక ప్రసార సంస్థ కంట్రోల్ రూమ్‌లో, ఆ తాళాలు వేసే విభాగంలోనే పనిచేశాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బ్యాంకు లావాదేవీలకు వాడే ఎన్‌క్రిప్షన్‌ను పగలగొట్టడం ఎవరి తరమూ కావడం లేదు కదా. మరి టీవీ చానెళ్లను దొంగలు ఎప్పటికప్పుడు ఎలా కాపీ కొడుతున్నారు? ఇంకాస్త గట్టి తాళం వేస్తే సరిపోదా?
- ఒక విద్యార్థి

జవాబు: బాబూ, ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా సీనియర్‌ని నేనూ సరిగ్గా ఇదే అడిగాను. ఆయన సొరుగుకు వేసి ఉన్న తాళంకప్ప తీశారు. జేబులోంచి తాళంచెవి తీసి దాని పక్కనే పెట్టారు. "చూడమ్మా, మనం ఈ రెండూ కలిపి ప్రతి ఇంటికీ పంపాలి. మన కష్టమంతా ఇదే" అన్నారు. ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

బ్యాంకు విషయంలో ఇటు నువ్వు, అటు బ్యాంకు, మధ్యలో దొంగ. దొంగ ఎప్పుడూ మూడోవాడే. వాడి చేతికి చెవి దొరక్కుండా చూసుకుంటే చాలు. ప్రసారంలో అలా కాదు. బొమ్మ ప్రేక్షకుడి కంటికి కనపడాలి, పాట చెవికి వినపడాలి. అంటే తాళం అతని ఇంట్లోనే తెరుచుకోవాలి. లక్షల ఇళ్లలో ఒక్క ఇంట్లో ఒక్కడు దొంగబుద్ధితో ఉంటే, మనం తాళంచెవి పంపింది వాడికే. ఎంత గట్టి తాళం వేసినా ఈ చిక్కు పోదు.

లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. డిజిటల్ టీవీ ప్రసారాలకు చాలా దేశాల్లో వాడే ప్రమాణం డీవీబీ. ఆ పద్ధతిలో బొమ్మనూ ధ్వనినీ ముందు స్క్రాంబుల్ చేస్తారు, అంటే అర్థం కాకుండా కలగాపులగం చేస్తారు. దాన్ని విప్పే కీని కంట్రోల్ వర్డ్ అంటారు. చాలాకాలం వాడుకలో ఉన్న పాత రకంలో అది 8 బైట్లు. అందులో రెండు బైట్లు లెక్క సరిచూసుకోవడానికే పోతాయి కాబట్టి అసలు కీ 48 బిట్లే. అంత చిన్న కీ ఎలా సరిపోతుందంటావేమో, అది దాదాపు పది సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది. కష్టపడి ఒకదాన్ని కనుక్కునేలోపు దాని ఆయుష్షు తీరిపోతుంది.

ఈ కంట్రోల్ వర్డ్‌ను ఇంకో కీతో మూసి, ఈసీఎం అనే సందేశంలో పెట్టి, బొమ్మతో పాటే పంపుతాం. ఎవరు చూడవచ్చో, ఎవరి గడువు అయిపోయిందో చెప్పే సందేశం వేరే ఉంటుంది, దాన్ని ఈఎంఎం అంటారు. నీ బాక్సులోని స్మార్ట్ కార్డు ఈఎంఎం చూసి నువ్వు అర్హుడివని తెలుసుకుంటుంది, ఈసీఎం విప్పుతుంది, కంట్రోల్ వర్డ్‌ను బాక్సుకు అందిస్తుంది. నువ్వు రిమోట్ నొక్కిన క్షణం నుంచి బొమ్మ పడేలోపు ఇదంతా జరిగిపోతుంది. చానెల్ మార్చినప్పుడు కొంచెం ఆలస్యమవుతుంది చూడు, అందులో ఈ పని వాటా కూడా ఉంది.

దొంగలు మొదట పట్టుకున్నది ఈ కార్డునే. నకిలీ కార్డులు చేశారు. అమెరికాలో డైరెక్ట్‌టీవీ ఉపగ్రహ ప్రసారాల మీద జరిగింది దీనికి పెద్ద ఉదాహరణ. ఆ సంస్థ ఇంజనీర్లు ఏం చేశారంటే, కొన్నాళ్ల పాటు సిగ్నల్‌తో పాటు చిన్నచిన్న కోడ్ ముక్కలు పంపుతూ వచ్చారు. విడివిడిగా చూస్తే వాటికి అర్థం లేదు. నకిలీ కార్డులవాళ్లు కూడా బొమ్మ ఆగకూడదని వాటిని ఎక్కించుకుంటూ పోయారు. 2001 జనవరి 21 ఆదివారం రాత్రి ఆ ముక్కలన్నీ ఒక్కటై పనిచేయడం మొదలుపెట్టాయి. వేలకు వేలు నకిలీ కార్డులు ఆ ఒక్క దెబ్బకు చచ్చిపోయాయి. సరిగ్గా వారం తర్వాత అక్కడ అందరూ ఎదురుచూసే పెద్ద ఫుట్‌బాల్ ఫైనల్ ఉంది. ఆ కథను మేం కంట్రోల్ రూమ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెప్పేవాళ్లం.

అయినా దొంగతనం ఆగలేదు, దారి మార్చుకుంది. కార్డును నకలు చేయడం మానేసి, డబ్బు కట్టి తీసుకున్న ఒక్క అసలు కార్డు ఇచ్చే కంట్రోల్ వర్డ్‌లనే ఇంటర్నెట్‌లో పంచడం మొదలుపెట్టారు. పది సెకన్లకు 8 బైట్లు, అంతే. ఎంత నత్తనడక ఇంటర్నెట్ అయినా సరిపోతుంది. దీన్నే కార్డ్ షేరింగ్ అంటారు. దానికి విరుగుడుగా కార్డునూ బాక్సునూ జత కట్టేశారు. కంట్రోల్ వర్డ్ కార్డులోంచి బయటికి వచ్చేటప్పుడే ఆ ఒక్క బాక్సు చిప్‌కు మాత్రమే అర్థమయ్యేలా మూసుకుని వస్తుంది. మధ్యలో పట్టుకున్నా పనికిరాదు.

అప్పుడు దొంగలు బాక్సు వెనకాల చేరారు. బాక్సు నుంచి టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ తీగ ఉంది కదా, దాంట్లో వెళ్లే బొమ్మకు హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది. దాని మొదటి తరంలో ప్రతి పరికరానికీ 56 బిట్ల కీలు 40 చొప్పున ఇచ్చారు. 2010 సెప్టెంబరులో ఆ కీలన్నింటినీ పుట్టించే మాస్టర్ కీ ఇంటర్నెట్‌లో బయటపడింది. అది అసలుదేనని దాన్ని తయారుచేసిన ఇంటెల్ సంస్థే ఒప్పుకుంది. తాళాలు పోసే అచ్చే వీధిలో పడిందనుకో, ఇంక ఎన్ని తాళాలు మారిస్తే ఏం లాభం? తర్వాత వేరే నిర్మాణంతో కొత్త తరం తెచ్చారు. పాత టీవీలు మాత్రం కోట్ల ఇళ్లలో ఉండిపోయాయి.

మరి తాళం దండగా అంటే, కాదు. తాళం మనకు సమయం కొనిపెడుతుంది. ఒక మ్యాచ్ విలువంతా ఆ మూడు నాలుగు గంటల్లోనే ఉంది. తెల్లారితే స్కోరు అందరికీ తెలుస్తుంది. ఆ కొద్ది గంటలు దొంగను ఆపగలిగితే మా పని మేం చేసినట్టే. నువ్వు ఈ రంగంలోకి వస్తే "ఎప్పటికీ పగలని తాళం చేస్తాను" అనుకుని రావద్దు. పగిలితే ఎంత త్వరగా మార్చగలం అని ఆలోచించగలిగేవాళ్లు కావాలి ఇక్కడ.

ప్రశ్న: అమ్మా, నేను నర్సుని. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. సీరియల్ బాక్సులో రికార్డు చేసుకుని పగలు చూస్తాను. ఈ మధ్య కొన్ని రికార్డింగులు నాలుగు రోజులకే "గడువు ముగిసింది" అని చూపిస్తున్నాయి. ఇంకొన్ని అసలు రికార్డే కావు. మా తమ్ముడేమో "అలా రికార్డు చేసుకోవడమే దొంగతనం అక్కా" అంటున్నాడు. నేను దొంగనా?
- ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. ఆ మాట మనసులోంచి తీసేయండి.

మీరు చేసేదానికి ఒక పేరుంది, టైమ్ షిఫ్టింగ్ అని. ప్రసారమయ్యే వేళకు వీలుపడక, వీలైనప్పుడు చూసుకోవడం. అమెరికాలో సినిమా స్టూడియోలు సోనీ బీటామాక్స్ వీడియో రికార్డర్ మీద కేసు వేస్తే, 1984 జనవరి 17న అక్కడి సుప్రీంకోర్టు ఇంట్లో ఇలా రికార్డు చేసుకుని చూడటం న్యాయమైన వాడకమేనని తీర్పిచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులు ఇటు, నలుగురు అటు. ఒక్క ఓటు అటు పడి ఉంటే మన ఇళ్లలో రికార్డర్ కథ వేరేగా ఉండేదేమో. ప్రతి దేశానికీ దాని చట్టం దానికుంది, కొన్నిచోట్ల షరతులు ఎక్కువ. అయినా సొంతంగా చూసుకోవడానికి ఇంట్లో చేసుకున్న రికార్డింగునూ, నలుగురికీ పంచడానికో అమ్మడానికో చేసిన కాపీనీ చాలా దేశాల చట్టాలు ఒకే గాటన కట్టవు.

మీ బాక్సులో ఎందుకలా అవుతోందంటే, ప్రసారంతో పాటు ఒక చిన్న గుర్తు వస్తుంది. పాత పద్ధతిలో అది కేవలం రెండు బిట్లు. రెండు బిట్లతో నాలుగు మాటలు చెప్పవచ్చు: ఎన్నిసార్లయినా కాపీ చేసుకో, ఒక్కసారి చేసుకో, ఇక చాలు, అసలు చేయొద్దు. ఇప్పటి పద్ధతుల్లో వీటికి తోడు "ఇన్ని గంటలు ఉంచుకో" అనే గడువు కూడా పెట్టవచ్చు. మీ సీరియల్‌కు ఆ గడువు పెట్టారు. పెట్టింది మీ బాక్సు కాదు, ప్రసారం చేసేవాళ్లు. ఫిర్యాదు చేయాల్సింది కూడా వాళ్లకే.

చేయండి, ఊరుకోవద్దు. జపాన్‌లో ఏం జరిగిందో చూడండి. 2004లో అక్కడ డిజిటల్ ప్రసారాలకు "ఒక్క కాపీ" నియమం పెట్టారు. రికార్డర్‌లో ఉన్నదాన్ని డిస్కులోకి మారిస్తే రికార్డర్‌లోది చెరిగిపోవాలి. మార్చేటప్పుడు మధ్యలో ఏదైనా తేడా వస్తే ఇటూ లేదు, అటూ లేదు. జనం గొడవ పెట్టారు. 2008 జులైలో నియమం సడలించారు. తొమ్మిది కాపీలు చేసుకోవచ్చు, పదోసారి మార్చినప్పుడు అసలుది పోతుంది. దాన్ని "డబ్బింగ్ 10" అన్నారు. ప్రేక్షకులు అడిగితేనే మారింది.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. మా సంస్థలో ఒకసారి దొంగల బెడద ఎక్కువైందని, కంట్రోల్ వర్డ్‌ను మూసే ఆ రెండో కీని గడువుకు ముందే మార్చేశాం. అది కార్డుకు చేరేదీ ఈఎంఎంలోనే. రాత్రి రెండింటికి నేనే కన్సోల్ ముందు కూర్చుని కొత్త కీ ఉన్న ఈఎంఎంలు వదిలాను. అవి వారం రోజులు తిరుగుతాయి, ఆలోపు ప్రతి బాక్సూ అందుకుంటుందని మా లెక్క. వారం తర్వాత ఆపేశాం. ఆ పై సోమవారం ఒక పెద్దాయన ఫోన్ కస్టమర్ కేర్ దాటి మా దాకా వచ్చింది. నలభై రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చి టీవీ పెట్టారట. నల్లటి తెర, ఒక ఎర్రర్ నంబరు. "అమ్మా, నేను డబ్బు కట్టాను. రసీదు నా చేతిలోనే ఉంది. చదవమంటారా?" అని నిజంగానే రసీదు నంబరు అంకె అంకె చదవడం మొదలుపెట్టారు. బాక్సు ఆపేసి ఉండటంతో కొత్త కీ ఆయనకు చేరలేదు. ఆయన ఒక్కరే కాదు, ఆ వారం అలాంటి ఫోన్లు చాలా వచ్చాయి. దొంగలు మాత్రం రెండో రోజుకే కొత్త దారి వెతుక్కున్నారని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఈఎంఎంలు ఎక్కువ రోజులు తిప్పాలని పట్టుబట్టి సాధించుకున్నాను. ఏ కొత్త తాళం వేయబోయినా, డబ్బు కట్టిన మనిషి ముందు ఏం కనపడుతుందని మొదట అడగాలి. ఆ గొంతు ఇప్పటికీ నాకు వినపడుతూనే ఉంటుంది.

ప్రశ్న: టీవీ తెర మీద బొమ్మను ఫోన్‌తో వీడియో తీస్తే ఎవరైనా ఆపగలరా?
- ఒక పాఠకుడు

జవాబు: లేదండీ. కంటికి కనపడేది కెమెరాకూ కనపడుతుంది. ఈ సందును ఇంజనీర్లు అనలాగ్ హోల్ అంటారు, దీన్ని పూడ్చే దారి ఎవరికీ దొరకలేదు. తీసినవాళ్లెవరో తెలుసుకోవడం మాత్రం సాధ్యమే. అదెలాగో కింది జవాబులో చూడండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మేము డాక్యుమెంటరీలు తీసే చిన్న బృందం. రెండేళ్లు కష్టపడి తీసింది ఒక చానెల్‌లో ప్రసారమైన గంటకే ఇంటర్నెట్‌లో తేలింది. ఎవరు ఎక్కించారో పట్టుకుంటామని చానెల్‌వాళ్లు అంటున్నారు. నిజంగా పట్టుకోగలరా, లేక మమ్మల్ని ఊరడించడానికి అంటున్నారా?
- ఒక దర్శకురాలు

జవాబు: పట్టుకోవచ్చమ్మా, ముందే ఏర్పాటు చేసుకుని ఉంటే. మీ రెండేళ్ల కష్టం అలా పోవడం చాలా బాధగా ఉంది.

దీనికి వాటర్‌మార్క్ వాడతారు. నోటును వెలుతురుకు పెడితే లోపలి గుర్తు కనపడినట్టే, బొమ్మలోనే కంటికి తెలియని తేడాగా ఒక గుర్తు కలిపేస్తారు. స్ట్రీమింగ్‌లో ఎక్కువగా వాడే పద్ధతి చెబుతాను. స్ట్రీమింగ్‌లో కార్యక్రమం చిన్నచిన్న ముక్కలుగా వెళ్తుంది, ఒక్కో ముక్క కొన్ని సెకన్లు. ప్రతి ముక్కకూ రెండు రకాలు తయారుచేస్తారు, ఒకటి 'ఎ', ఇంకోటి 'బి'. కంటికి రెండూ ఒకటే. ఒక ప్రేక్షకుడికి ఎ-బి-బి-ఎ, ఇంకొకరికి బి-బి-ఎ-బి, ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో వరుస పంపుతారు. 20 ముక్కలు గడిస్తే 10,48,576 వేర్వేరు వరుసలు సాధ్యం. ముక్క 6 సెకన్లనుకుంటే 20 ముక్కలంటే రెండు నిమిషాలు. అంటే పది లక్షల మందిలో ఎవరి దగ్గర్నుంచి బయటపడిందో చెప్పడానికి, లెక్క ప్రకారం రెండు నిమిషాల దొంగ వీడియో చాలు. బొమ్మ నాణ్యత తగ్గించినా, అంచులు కత్తిరించినా, తెర ముందు ఫోన్ పెట్టి తీసినా గుర్తు నిలిచేలా చేస్తారు కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువ నిడివే కావాలి. ఇద్దరు ముగ్గురు దొంగలు తమ కాపీలు కలిపి గుర్తు చెరపాలని చూస్తారు, దానికీ గణితంలో జవాబుంది.

ఉపగ్రహ ప్రసారంలో అందరికీ వెళ్లేది ఒకే సిగ్నల్ కాబట్టి ఇది కుదరదు. అక్కడ బాక్సే తెర మీద తన నంబరు వేస్తుంది. మ్యాచ్ మధ్యలో ఉన్నట్టుండి ఒక మూల అంకెలు మెరిసి మాయమవడం మీరూ చూసే ఉంటారు. అది సాంకేతిక లోపం కాదు, మేం వేయించిందే.

ఒక రాత్రి ఆ అంకెల కోసం నేనూ మరో ఇద్దరూ ఒకే మానిటర్ ముందు తెల్లవార్లూ కూర్చున్నాం. దొంగ స్ట్రీమ్ నడిపేవాడు తెలివైనవాడు. అంకెలు పడే చోటల్లా మసక పట్టీ అద్దుతున్నాడు. మేం చోటు మార్చాం, వాడూ పట్టీ మార్చాడు. చివరికి అంకెలు తెర మధ్యలో, ఆటగాడి తెల్ల చొక్కా మీద, సెకనులో చిన్న భాగం పాటు పడేలా పంపాం. తెలుపు మీద లేత బూడిద రంగు. రికార్డు చేసినదాన్ని ఫ్రేము తర్వాత ఫ్రేముగా జరుపుతూ పోతే, మూడు ఫ్రేముల్లో మాత్రం ఆ చొక్కా మీద మడతలా ఏదో కనపడింది. కాంట్రాస్ట్ పెంచితే అంకెలు. పదకొండులో తొమ్మిది చదవగలిగాం. మిగిలిన రెండింటికి సరిపోయే బాక్సులు మా జాబితాలో నాలుగే ఉన్నాయి. ఒక్కోదాన్నీ కొన్ని సెకన్లు ఆపి చూశాం. మూడోదాన్ని ఆపగానే దొంగ స్ట్రీమ్ ఆగింది. మా పక్కనున్న కుర్రాడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

ఆ బాక్సు ఎవరి పేరున ఉందో చూస్తే ఒక డెబ్బై ఏళ్ల ఆవిడ. ఆవిడకు ఇంట్లో టీవీయే లేదు. గుర్తింపు కాగితాల నకలు ఎవరో వాడుకుని కనెక్షన్ తీసుకున్నారు. కాబట్టి మీ చానెల్‌వాళ్లు నంబరు పట్టుకున్నామని చెబితే సంతోషించండి, కానీ వెంటనే ఫలానా మనిషి దొంగ అని ప్రకటన ఇవ్వనివ్వకండి. వాటర్‌మార్క్ చెప్పేది ఏ బాక్సు అనే. ఏ చెయ్యి అనేది పోలీసులు తేల్చాలి.

మీకు ఇంకో మాట. తరువాతి సినిమాకు ప్రివ్యూ కాపీలు పంపేటప్పుడు ఒక్కొక్కరికీ వేరే గుర్తుతో పంపండి. ప్రసారానికి ముందే బయటపడే కాపీలు తరచూ లోపలి చేతుల నుంచే వస్తాయి. చిన్న బృందం కూడా చేసుకోగల పనే ఇది.

ప్రశ్న: నేను సంగీతం మాస్టారిని. నా కచేరీలు నేనే పాత మినీడిస్క్ రికార్డర్‌లో మైకు పెట్టి రికార్డు చేసుకున్నాను. ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు డిజిటల్ కాపీ తీశాను. ఇప్పుడు ఆ రెండో డిస్కు నుంచి మళ్లీ కాపీ తీద్దామంటే యంత్రం ఒప్పుకోవడం లేదు. నా పాట నేను కాపీ చేసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి తల్లీ?
- ఒక సంగీత గురువు

జవాబు: మాస్టారూ, మీ పాటకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ యంత్రానికి అది మీ పాటని తెలియదు, అంతే.

టేపు కాలంలో కాపీకి కాపీ తీస్తుంటే శబ్దం పలచబడేది, బుస్సుమనే రొద పెరిగేది. ఆ లోపమే ఒక విధంగా పాటల కంపెనీలకు కాపలా కాసింది. 1987లో డిజిటల్ ఆడియో టేపు వచ్చేసరికి నూరో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుందని వాళ్లకు భయం పట్టుకుంది. దాంతో ఎస్‌సీఎంఎస్ అనే ఏర్పాటు వచ్చింది. అసలుదాని నుంచి డిజిటల్ కాపీ ఎన్నయినా తీయవచ్చు, కాపీ నుంచి కాపీ మాత్రం కుదరదు. అమెరికాలో 1992 చట్టం ఇళ్లలో వాడే డిజిటల్ రికార్డర్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మీ మినీడిస్క్‌లోనూ ఉన్నది అదే. మైకు నుంచి వచ్చింది మీ గొంతో, ఎవరిదైనా పాటో అది తేల్చుకోలేదు కాబట్టి అన్నింటికీ ఒకే ముద్ర వేస్తుంది.

మొదటి డిస్కు ఉంటే దాని నుంచే తీసుకోండి. లేకపోతే హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్‌లోకి మామూలు తీగతో రికార్డు చేసుకోండి. మీ సొంత కచేరీ కాబట్టి ఏ తప్పూ లేదు. శబ్దంలో తేడా మీ చెవికే కొంచెం తెలియవచ్చు. డిస్కులు, యంత్రాలు పాతబడుతున్నాయి, ఈ పని ఈ నెలలోనే చేసేయండి.

ప్రశ్న: బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్ అనే మాట ఒక పోటీ పరీక్ష పుస్తకంలో చూశాను. అంటే ఏమిటి?
- ఒక అభ్యర్థి

జవాబు: 2003 ప్రాంతంలో అమెరికాలో యాంటెనాతో ఉచితంగా అందుకునే డిజిటల్ టీవీకి స్క్రాంబ్లింగ్ ఉండేది కాదు. తాళం వేయలేరు కాబట్టి సిగ్నల్‌లో ఒక జెండా పెడతాం, ఆ జెండా కనపడితే ప్రతి రిసీవరూ కాపీని అడ్డుకోవాలి అనుకున్నారు. ఎఫ్‌సీసీ అనే అక్కడి నియంత్రణ సంస్థ 2003 నవంబరులో ఈ నియమం చేసింది. 2005 జులై 1 నుంచి అమలు కావాలి. గ్రంథాలయాల సంఘం, మరికొందరు కలిసి కోర్టుకెళ్లారు. 2005 మే 6న అప్పీలు కోర్టు కొట్టేసింది. సిగ్నల్ ఇంటికి చేరాక పరికరం దాన్ని ఏం చేసుకుంటుందో శాసించే అధికారం ఎఫ్‌సీసీకి లేదని చెప్పింది. 2011లో ఆ నియమాన్ని పుస్తకాల్లోంచి కూడా తీసేశారు.

పరీక్షకు ఇంత చాలు. జెండా తాళం కాదు, "దయచేసి తాకవద్దు" అనే బోర్డు లాంటిది. తయారయ్యే ప్రతి పరికరమూ మాట వింటేనే అది పనిచేస్తుంది. ఆ కోర్టుకు వెళ్లింది గ్రంథాలయాల వాళ్లు కావడం నాకు ఎంతో నచ్చిన విషయం. ఎందుకో చివరి ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అన్ని చానెళ్లూ ఉచితంగా వచ్చే ఒక యాప్ మా అన్నయ్య టీవీలో వేశాడు. బొమ్మ బాగానే వస్తోంది. ప్రమాదమా?
- ఒక పాఠకురాలు

జవాబు: తీయించేయండమ్మా. అధికారిక స్టోర్‌లో దొరకదు కాబట్టే టీవీలో భద్రతా సెట్టింగు ఆపి మరీ వేసి ఉంటారు. ఆ తర్వాత ఆ యాప్ ఏం చేస్తుందో అడిగే దిక్కు లేదు. ఇలాంటివాటిలో కొన్ని మీ ఇంటి ఇంటర్నెట్‌ను వేరేవాళ్ల తప్పుడు పనులకు వాడుకుంటాయి. అదే వైఫైలో మీ ఫోన్లూ ఉంటాయి కదా. తీసేశాక టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి, పాస్‌వర్డులు మార్చండి. అన్నయ్యకు ఈ పేజీ చూపించండి. పైన డాక్యుమెంటరీ తీసినావిడ ఉత్తరం కూడా చదవమనండి.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. ఆయన ఉన్నప్పుడు ఒక చానెల్‌లో అరగంట మాట్లాడారు. అది మా బాక్సు హార్డ్ డిస్కులో రికార్డై ఉంది. ఇప్పుడు బాక్సు మార్చి కొత్తది ఇస్తామంటున్నారు. డిస్కు తీసి కంప్యూటర్‌కు పెడితే ఏమీ కనపడటం లేదు. ఆ అరగంట ఎలా తీసుకోవాలి?
- ఒక కూతురు

జవాబు: తల్లీ, మొదట చేయాల్సింది, బాక్సును తిరిగి ఇవ్వకండి. డిస్కును దాంట్లోనే, ఉన్నట్టే, తిరిగి బిగించండి. కంప్యూటర్ "ఫార్మాట్ చేయనా" అని అడిగితే వద్దని చెప్పండి.

డిస్కులో రికార్డింగు ఉంది, కానీ మూసి ఉంది. దాన్ని తెరిచే కీ మీ బాక్సు చిప్‌లో మాత్రమే ఉంటుంది. అదే మోడల్ బాక్సు ఇంకోటి తెచ్చి పెట్టినా తెరుచుకోదు. బాక్సు పోతే కీ పోయినట్టే. కనెక్షన్ కట్ అయితే కొన్ని బాక్సులు పాత రికార్డింగులు కూడా చూపించవు, కాబట్టి అది తేలేదాకా కనెక్షన్ నడవనివ్వండి.

ఇలాంటి ఉత్తరాలు చదివినప్పుడు నేను 24 ఏళ్లు చేసిన పని మీద నాకే ప్రశ్నలు వస్తాయి. 1960లలో బీబీసీ తన కార్యక్రమాల టేపులు ఎన్నో చెరిపేసి మళ్లీ వాడుకుంది. వాటిలో కొన్నింటి ధ్వని ఇవాళ మిగిలి ఉందంటే, ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకున్న ప్రేక్షకుల పుణ్యమే. అమెరికాలో ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అని ఒకావిడ ఉండేది, ఒకప్పుడు లైబ్రేరియన్. 1979 నుంచి 2012లో కన్నుమూసేదాకా టీవీ వార్తలు రికార్డు చేస్తూనే పోయింది. దాదాపు 70 వేల టేపులు. ఇప్పుడు అవి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయం దగ్గరున్నాయి. ఆవిడ రికార్డర్ ప్రసారం కాపీ కాకుండా అడ్డుపడి ఉంటే ఆ 33 ఏళ్ల వార్తల్లో ఎంత మిగిలేదో. ప్రతి తాళానికీ ఒక గడువు తేదీ ఉండాలని, ఇంట్లో మనిషి తన కోసం దాచుకున్నది తెరుచుకునే దారి ఉండాలని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే రాసిచ్చాను. ఇప్పటికీ అదే అంటాను.

మీ పని చూద్దాం. చానెల్‌కు ఉత్తరం రాయండి. మెయిల్ ఒక్కటే కాదు, కాగితం మీద కూడా. కార్యక్రమం పేరు, ప్రసారమైన తేదీ, గంట, నాన్నగారి పేరు, మీకు ఆయన ఏమవుతారో రాసి, కుటుంబం దాచుకోవడానికి ఒక కాపీ ఇవ్వమని అడగండి. మాట్లాడిన అతిథి కుటుంబం అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు, మా సంస్థలో నేనే రెండు మూడు సార్లు తీయించి ఇచ్చాను. ఉత్తరం "ఆర్కైవ్ విభాగానికి" అని రాయండి, రిసెప్షన్‌లో ఆగిపోకుండా ఉంటుంది. తేదీ గుర్తులేకపోతే బాక్సులో రికార్డింగుల జాబితా తెరిస్తే దాని పక్కనే ఉంటుంది. అది ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నెలరోజుల్లో జవాబు రాకపోతే నాకు మళ్లీ రాయండి, ఆర్కైవ్‌లో పనిచేసే పాత స్నేహితులు ఉన్నారు, నేనూ అడుగుతాను.